పదిసార్లు తూచిన నీళ్ళు

మా ల్యాబుకు ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల ముందు నేను మూడు వస్తువులు పెడతాను. ఒక బీకరులో డిస్టిల్డ్ వాటర్, ఒక మైక్రోపైపెట్, నాలుగు దశాంశాల వరకు చూపించే తూకం. "వంద మైక్రోలీటర్లు పదిసార్లు తీసి తూచమ్మా" అంటాను. వంద మైక్రోలీటర్ల నీళ్ళు ఇంచుమించు వంద మిల్లీగ్రాములు తూగాలి. పైపెట్ బాగుండి, చెయ్యి కుదురుగా ఉంటే పది అంకెలూ 99కీ 101కీ మధ్యే పడతాయి.

పోయిన జూన్‌లో ఒక అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ, మంచి మార్కులు. పీసీఆర్ ఎలా పనిచేస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. పైపెట్ చేతికిచ్చాక 94, 107, 88. టిప్‌ను నీళ్ళలో నిండా ముంచేసింది. బయట అంటుకున్న చుక్కతో సహా తూకంలోకి వదిలింది. బొటనవేలు గబుక్కున ఎత్తేసరికి లోపలికి గాలి బుడగ పోయింది. నాలుగోసారికి చెయ్యి వణికింది. "కాలేజీలో పనిచేసేది ఒక్క పైపెట్టే మేడమ్. సారు పట్టుకుని చూపించేవారు, మేం చుట్టూ నిలబడి రికార్డులో రాసుకునేవాళ్ళం" అంది.

నాకు చాలా బాధేసింది. తప్పు ఆ పిల్లది కాదు. మాది హిందూపురం. పదిహేడేళ్ళ కిందట నేనూ అలాంటి కాలేజీ నుంచే తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు వచ్చాను. ఆ అమ్మాయికి ఆ రోజు తీరిగ్గా చెప్పలేకపోయినవన్నీ ఇప్పుడు రాస్తున్నాను. అనంతపురం, కడప, చిత్తూరు నుంచే కాదు, గుంటూరు, వరంగల్ నుంచి కూడా బయోటెక్ చదివి బెంగళూరు వైపు చూస్తున్న పిల్లలకు పనికొస్తుందని నా నమ్మకం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. బయోటెక్ పెరగాలని కర్ణాటక ప్రభుత్వం ఇరవై ఏళ్ళకు పైగా డబ్బు పెడుతోంది. ఆ డబ్బంతా కంపెనీ యజమానుల కోసమేనని మనం అనుకుని ఊరుకుంటాం. నిజానికి అందులో కొంత యంత్రాలుగా, ల్యాబులుగా, శిక్షణగా మారి మనకు అందేంత దగ్గర్లో ఉంది. అది ఎక్కడుందో కనుక్కుని ఆ చుట్టుపక్కల నిలబడితే ఉద్యోగం సగం దొరికినట్టే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1978లో కిరణ్ మజుందార్ షా పదివేల రూపాయల పెట్టుబడితో, అద్దెకు తీసుకున్న గ్యారేజీలో బయోకాన్ మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం దగ్గర బయోటెక్ అనే మాటకు ఫైలే లేదు. బొప్పాయి పాల నుంచి ఎంజైమ్ తీసే వ్యాపారానికి అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడాయి. ఎస్.ఎం. కృష్ణ ముఖ్యమంత్రిగా ఉండగా 2001లో కర్ణాటక తన మొదటి బయోటెక్ విధానం, 'మిలీనియం బయోటెక్ పాలసీ' ప్రకటించింది. సలహాలివ్వడానికి ఏర్పాటైన విజన్ గ్రూప్‌కు అధ్యక్షురాలు ఆ కిరణ్ మజుందార్ షానే. అదే ఏడాది ప్రభుత్వమూ ఐసీఐసీఐ కలిసి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ అండ్ అప్లైడ్ బయోటెక్నాలజీ పెట్టాయి. అందరూ ఐబీఏబీ అంటారు. ఇప్పుడది ఎలక్ట్రానిక్ సిటీలో ఉంది. ఏటా జరుపుతూ వచ్చిన బయోటెక్ సదస్సు మొదలైందీ ఆ ఏడాదే. 2009లో రెండో విధానం, 2017లో మూడోది, ఇప్పుడు 2024-29కి కొత్తది.

ఈ విధాన పత్రాలు ప్రభుత్వ సైట్లో దొరుకుతాయి. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు వాటిని చదవరు. చదవండి. స్థలం రిజిస్ట్రేషన్‌లో రాయితీ, పెట్టుబడిలో సబ్సిడీ, పేటెంటు ఖర్చు వాపసు వగైరా పేజీలు యజమానుల కోసం. అవి తిప్పేయండి. ఉమ్మడి ల్యాబులు, ఇంక్యుబేటర్లు, నైపుణ్య శిక్షణ అని ఉన్న పేజీల దగ్గర ఆగండి. మీ ఉద్యోగ ప్రకటన అక్కడ ఉంది.

ప్రభుత్వం ల్యాబులు ఎందుకు కట్టాలన్నది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాలంటే రెండు లాప్‌టాప్‌లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ చాలు. బయోటెక్ పెట్టాలంటే లామినార్ హుడ్, ఆటోక్లేవ్, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్, సెంట్రిఫ్యూజ్, ఇంకా ముందుకెళ్తే బయోరియాక్టర్, మాస్ స్పెక్ట్రోమీటర్. చివరిది కోట్లలో ఉంటుంది. జన్యుమార్పిడి జీవులతో పని చేయాలంటే 1989 నాటి పర్యావరణ నిబంధనల కింద బయోసేఫ్టీ కమిటీ అనుమతులు. ఇదంతా ఇద్దరు పీహెచ్‌డీలు సొంత డబ్బుతో చేయగలిగింది కాదు. అందుకని ప్రభుత్వమే ఒకచోట కొనిపెట్టి, గదులు అద్దెకిచ్చి, యంత్రాలను గంటల లెక్కన వాడుకోనిస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ హీలిక్స్ బయోటెక్ పార్కులోని బెంగళూరు బయో ఇన్నోవేషన్ సెంటర్ అలాంటిదే. రాష్ట్ర ఐటీ-బీటీ శాఖ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి నడుపుతున్నాయి. నగరానికి ఉత్తరాన బళ్ళారి రోడ్డులో జీకేవీకే ప్రాంగణంలో 2009 నుంచి ఇలాంటిదే సీ-క్యాంప్ ఉంది. అది కేంద్రానిది. పక్కనే ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థలు. ఇంకాస్త ముందుకెళ్తే జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్.

ఆ యంత్రాలను నడిపేదెవరు? కాలమ్ మార్చేదెవరు, కాలిబ్రేషన్ తేదీలు చూసేదెవరు, రాత్రి ఫ్రీజర్ అలారం మోగితే పరుగెత్తేదెవరు? ఎమ్మెస్సీ చేసి వచ్చిన పిల్లలు. ఫెసిలిటీ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసోసియేట్, టెక్నికల్ ట్రైనీ అనే పేర్లతో ఈ ఉద్యోగాలు పడుతుంటాయి. ఎక్కువ భాగం ఏడాది, రెండేళ్ళ కాంట్రాక్టులే. "పర్మనెంటు కాదు కదా" అని ఇంట్లో పెద్దవాళ్ళు పెదవి విరుస్తారు. వాళ్ళకు ఓపిగ్గా చెప్పండి. కాలేజీలో గాజు తలుపు అవతలి నుంచి చూసిన హెచ్‌పీఎల్‌సీ మీద రోజూ ఇరవై శాంపిళ్ళు నడిపితే, ఏడాది తిరిగాక మీ బయోడేటాలో రాసే ప్రతి మాటకూ మీ చెయ్యే సాక్ష్యం.

ఇక స్టార్టప్‌లు. కేంద్రం 2012లో పెట్టిన బైరాక్ సంస్థ 'బిగ్' అనే గ్రాంటు ఇస్తుంది. మంచి ఆలోచన ఉన్నవాళ్ళకు 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు. సీ-క్యాంప్ ద్వారా కూడా అది అందుతుంది. కర్ణాటక 2017లో మొదలుపెట్టిన 'ఎలివేట్' పథకంలోనూ 50 లక్షల వరకు ఇస్తారు. గెలిచినవాళ్ళ జాబితాలు బయటపెడతారు. ఆ జాబితా బయటికొచ్చిన రోజు మీరు చేయాల్సిన పని ఉంది. పోయిన వారం డబ్బు మంజూరైన కంపెనీకి వచ్చే నెలలో చేతులు కావాలి. ఇంకా వాళ్ళు ప్రకటన వేయలేదు, వేసే మనిషి కూడా ఉండరు. ఆ వ్యవస్థాపకులు ఏం చేస్తున్నారో అరగంట కూర్చుని చదవండి. తర్వాత మెయిల్ రాయండి.

మెయిల్ ఎలా రాయాలో కూడా చెబుతాను, ఎందుకంటే నాకు రోజూ వచ్చేవి చూస్తుంటాను. "గౌరవనీయులైన సర్/మేడమ్, నేను కష్టపడి పనిచేసే అభ్యర్థిని" అన్నది ఎవరూ పూర్తిగా చదవరు. "మీరు ఈస్ట్‌లో ప్రొటీన్ తీస్తున్నారని చదివాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఈస్ట్ కల్చర్ నాలుగు నెలలు నిలబెట్టాను, రెండుసార్లు కంటామినేషన్ వచ్చింది, రెండోసారి అది నీటి బాత్ నుంచి వస్తోందని కనిపెట్టాను. ఎల్లుండి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రాగలను." ఇది చదువుతారు. ఏం చెడిపోయిందో, దాన్ని ఎలా పట్టుకున్నారో చెప్పినవాళ్ళను పిలవాలనిపిస్తుంది.

చిన్న స్టార్టప్‌లో రెండో ఉద్యోగిగా చేరితే మీడియా కలపడం నుంచి సరుకు ఆర్డరు పెట్టడం దాకా, ఎస్‌ఓపీ రాయడం నుంచి ఇన్వెస్టర్లు వచ్చినప్పుడు ల్యాబ్ చూపించడం దాకా అన్నీ మీవే. పెద్ద కంపెనీలో అయిదేళ్ళకు గాని తెలియనివి ఏడాదిలో తెలుస్తాయి. కానీ గ్రాంటు డబ్బు అయిపోతే జీతం ఆగుతుంది. నాకు అలాగే జరిగింది. నా రెండో ఉద్యోగంలో మూడు నెలలు జీతం రాలేదు. నాలుగో నెల ఆఫీసు గదికి తాళం. అనుభవ పత్రం కోసం ఆరు నెలలు ఫోన్లు చేశాను. అప్పుడు ఇంటి అద్దెకు మా చిన్నమ్మ గాజులు తాకట్టు పెట్టి డబ్బు పంపింది. అందుకే చెబుతున్నాను, చేరేముందు అడగండి. "ఎన్ని నెలలకు డబ్బుంది?" అని అడగడం మర్యాద తక్కువ కాదు. నిజాయతీ ఉన్నవాళ్ళు నేరుగా చెబుతారు. పీఎఫ్ కడతారా, నియామక పత్రం చేరేరోజే ఇస్తారా అని కూడా. ఏడాదికోసారి, గొడవలేమీ లేనప్పుడే, మీరు చేసిన పనులు రాయించి సంతకం తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.

మూతపడిన చోటే కొత్తది మొలవడమూ ఈ ఊళ్ళో చూశాం. 2014లో ఆస్ట్రాజెనెకా తన బెంగళూరు పరిశోధన కేంద్రాన్ని మూసేసింది. అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు కొందరు అదే ఏడాది బగ్‌వర్క్స్ పెట్టారు. మందులకు లొంగని బ్యాక్టీరియా మీద కొత్త యాంటీబయాటిక్ వెతకడం వాళ్ళ పని. సీ-క్యాంప్ లాంటి చోటు ముందే ఉండబట్టి, ఉద్యోగాలు పోయినవాళ్ళకు మర్నాడు నిలబడడానికి ఒక బెంచీ దొరికింది. ప్రభుత్వం ల్యాబులు కట్టడంలో నాకు బాగా నచ్చే ఫలితం ఇదే. పది కంపెనీల్లో ఆరు పోయినా ఆ చేతులు ఊరు దాటి పోవు.

చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న గుంత సంగతి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే బయోటెక్ ఫినిషింగ్ స్కూళ్ళు వచ్చాయి, తర్వాత అవే బైసెప్ అనే పథకంగా మారాయి. ఎంపికైన కాలేజీల్లో ఏడాది పీజీ డిప్లొమా. కొన్నాళ్ళు తరగతులు, ల్యాబు, మిగతాది కంపెనీలో ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ కూడా ఉంటుంది. ఇది రాష్ట్ర ప్రభుత్వ పథకం కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది ప్రకటనలో స్థానికత నిబంధన, ప్రవేశ పరీక్ష వివరాలు ముందు చదవండి, తర్వాతే ఫీజు కట్టండి. ఇంకో దారి అప్రెంటిస్‌షిప్. కేంద్రం నడిపే నాట్స్ పోర్టల్‌లో డిగ్రీ పిల్లలు పేరు నమోదు చేసుకోవచ్చు. కంపెనీ ఏడాదిపాటు స్టైపెండ్ ఇస్తుంది, చట్టం చెప్పిన కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ విభాగాల్లో అడుగుపెట్టడానికి ఇంతకంటే సులువైన తలుపు నాకు తెలియదు.

ఇవి ఉండగా డబ్బు కట్టి 'ప్రాజెక్ట్ సర్టిఫికెట్' కొనుక్కునే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నెల రోజులు కూర్చోబెట్టి, వేరేవాళ్ళు చేసిన జెల్ ఫోటో ఇచ్చి, రంగుల సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఇంటర్వ్యూలో "ఈ జెల్‌లో అగరోజ్ ఎంత శాతం వాడారు?" అని అడిగితే మౌనం. ఆ డబ్బు తండ్రి శనక్కాయ పంట డబ్బు అయ్యుంటుంది. ఎక్కడైనా డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి. "బెంచీ దగ్గర పనిచేసేది నేనా, మీరా? నా పేరుతో ల్యాబ్ నోట్‌బుక్ ఇస్తారా?" నోట్‌బుక్ ఇవ్వం అంటే బయటికి వచ్చేయండి.

ఎంత మంచి విధానం వచ్చినా బయోటెక్‌లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో సరితూగదు. పక్కింటి అబ్బాయితో పోల్చుకుని కుమిలిపోయేవాళ్ళు మొదటి రెండేళ్ళలోనే వదిలేస్తారు. నిలబడ్డవాళ్ళకు అయిదో ఏడు దాటాక పరిస్థితి మారుతుంది. పైగా అందరూ పరిశోధన వైపే చూస్తారు గానీ, ఉద్యోగాలు ఎక్కువున్నది నాణ్యత, ఉత్పత్తి, నియంత్రణ విభాగాల్లో. బొమ్మసంద్ర, జిగణి వైపు బయోకాన్, 1993లో దాని నుంచి పుట్టిన సింజీన్, ఇంకా ఎన్నో కంపెనీలు. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ పెట్టిన ఆరిజీన్ కూడా బెంగళూరులోనే ఉంది. మందుల తయారీ నాణ్యతకు సంబంధించిన షెడ్యూల్ ఎంను కేంద్రం సవరించి 2024 జనవరిలో బయటపెట్టాక, చిన్న ఫ్యాక్టరీలకు కూడా రికార్డులు సక్రమంగా రాయగలిగే మనుషులు కావాల్సి వస్తోంది.

రికార్డు అనగానే ఒకటి దగ్గరగా చూపించాలి. మా ల్యాబులో లాగ్‌బుక్ పేజీ ఎలా ఉంటుందంటే, ప్రతి వరసకూ తేదీ, సమయం, సంతకం. అంకె తప్పు రాస్తే దాని మీదే దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు అంకె మీద ఒకే ఒక్క అడ్డగీత, కింది అంకె చదవడానికి వీలుగా. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. కాలేజీలో మనకు నేర్పేది దీనికి తలకిందులు. రికార్డు అందంగా ఉండాలని రాత్రి కూర్చుని మళ్ళీ రాయిస్తారు. కంపెనీలో అలా మళ్ళీ రాస్తే మోసం కిందే లెక్క, ఉద్యోగం పోతుంది. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినవాళ్ళు చెత్తబుట్టలో చింపిన కాగితాలు కూడా తీసి చూస్తారు. ఈ అలవాటు మీరు ఈ రోజే, కాలేజీ రికార్డుతోనే మొదలుపెట్టవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

హైదరాబాదా, బెంగళూరా అని చాలామంది అడుగుతారు. బయోటెక్‌ను ప్రోత్సహించడంలో మన వైపూ వెనకబడింది లేదు. శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా 1997లో తెచ్చింది. 1999లో జీనోమ్ వ్యాలీ, తుర్కపల్లిలో ఐకేపీ నాలెడ్జ్ పార్కు వచ్చాయి. అక్కడా ప్రభుత్వంతో చేయి కలిపింది ఐసీఐసీఐనే. టీకాలు, పెద్ద ఎత్తున తయారీ మీద ఆసక్తి ఉంటే హైదరాబాదుకే నా ఓటు. పరిశోధన సేవలు, బయోఇన్ఫర్మాటిక్స్, కొత్త స్టార్టప్‌లు కావాలంటే బెంగళూరు. మొదటి ఉద్యోగానికి మాత్రం ఏ ఊళ్ళో ముందు బెంచీ దొరికితే అక్కడికి వెళ్ళండి.

బెంగళూరు వచ్చేవాళ్ళు కన్నడ నేర్చుకోండి. ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికులకు రిజర్వేషన్ ఇచ్చే బిల్లును కర్ణాటక మంత్రివర్గం 2024 జులైలో ఆమోదించి, పరిశ్రమ అభ్యంతరాలతో రెండు మూడు రోజుల్లోనే పక్కన పెట్టింది. అది మళ్ళీ వస్తుందో రాదో ఆలోచిస్తూ కూర్చోవద్దు. కన్నడ లిపి మనదాని తోబుట్టువు, పది రోజుల్లో బోర్డులు చదివేస్తారు. ల్యాబులో ఆటోక్లేవ్ నడిపే అన్నతో, స్టోర్స్‌లో కూర్చునే అక్కతో కన్నడలో రెండు మాటలు మాట్లాడితే, మీకు ఎవరూ నేర్పని పని వాళ్ళు నేర్పుతారు. నాకు స్టెరిలైజేషన్ సంగతులు నేర్పింది ఎమ్మెస్సీ కాదు, ఆనేకల్ నుంచి వచ్చే ఒక పెద్దాయన. ఆయన ఆవిరి చప్పుడు విని గాస్కెట్ పోయిందని చెప్పేవారు.

2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో మొదలయ్యాక ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా రైల్లో పోవచ్చు. హెబ్బగోడి స్టేషనుకు బయోకాన్ పేరే పెట్టారు. కాబట్టి ఎలక్ట్రానిక్ సిటీలోనే ఖరీదైన పీజీ హాస్టల్ చూసుకోనక్కర్లేదు, ఆ లైను మీద ఎక్కడ అద్దె తక్కువైతే అక్కడ ఉండండి. నవంబరులో జరిగే బెంగళూరు టెక్ సమ్మిట్‌లో బయోటెక్ విభాగం ఉంటుంది, పిల్లల పోస్టర్లకూ చోటిస్తారు. మీ ప్రాజెక్టు చిన్నదైనా పంపండి. స్టాళ్ళ దగ్గర ఎవరు నిలబడ్డారో చూసి, పేర్లు రాసుకుని రండి.

జూన్‌లో వచ్చిన ఆ అమ్మాయిని మేం తీసుకోలేదు. వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి ఒక మాట చెప్పాను. "మీ కాలేజీలో తూకం ఉంది కదా. మీ సారును అడిగి ఆదివారాలు రెండు గంటలు తాళం తీయించుకో. వెళ్ళినప్పుడల్లా పదిసార్లు తూచు. అంకెలు రాసి పెట్టు." సెప్టెంబరులో ఆమె నుంచి ఒక ఫోటో వచ్చింది. రూళ్ళ కాగితం మీద తేదీలు, ఒక్కో తేదీకి పది అంకెలు. మొదటి వారం 91, 104. చివరి వారం 99.1, 99.6, 100.2. మూడో వరసలో ఒక అంకె తప్పు రాసినట్టుంది. దాని మీద ఒకటే అడ్డగీత, పక్కన సరైన అంకె, చిన్న సంతకం, తేదీ. ఆ గీత గురించి నేను ఆమెకు చెప్పలేదు. ఆమె ఎక్కడో చదివి తెలుసుకుంది. ఫోన్ తీసి సోమవారం రమ్మన్నాను.